పైనున్న రెండు మీటర్లు: విశాఖ గిల్‌నెట్లలో డాల్ఫిన్లు చిక్కకుండా చేసే అమరికపై కేస్ స్టడీ

రాత్రి వేసిన వలను తెల్లవారుజామున తీసేసరికి అందులో చిక్కిన డాల్ఫిన్ దాదాపుగా ఎప్పుడూ చనిపోయే ఉంటుంది. అది చేప కాదు, గాలి కోసం పైకి రావాల్సిన జంతువు. తోక దగ్గరో రెక్క దగ్గరో నైలాన్ నూలు చుట్టుకుని పైకి రాలేకపోతే కొద్ది నిమిషాల్లోనే ఊపిరాడక పోతుంది. వల నీటిలో ఉండేది ఐదారు గంటలు. అందుకే మన తీరంలో డాల్ఫిన్ల రక్షణ అనగానే అందరికీ గుర్తొచ్చే "వల కోసి విడిపించడం" చాలా కొద్దిసార్లే అక్కరకొస్తుంది. 2021 డిసెంబరులో విశాఖ దగ్గరి తంతడి తీరంలో వలలో పడిన తిమింగల సొరను మత్స్యకారులు, అటవీశాఖ సిబ్బంది కలిసి తిరిగి సముద్రంలోకి పంపగలిగారు. తిమింగల సొర పేరులో తిమింగలం ఉన్నా అది మొప్పలతో ఊపిరి తీసే చేప, వలలోనూ బతికి ఉంటుంది. డాల్ఫిన్‌కు ఆ వెసులుబాటు లేదు. దాన్ని కాపాడాల్సింది వల తీసేటప్పుడు కాదు, వల కట్టేటప్పుడు.

ఈ కేసులో చూసేది ఒక గిల్‌నెట్ యూనిట్. గిల్‌నెట్ అంటే నీటిలో గోడలా నిలబడి చేపలను మొప్పల దగ్గర పట్టే వల. ఔట్‌బోర్డ్ ఇంజను ఉన్న ఫైబర్ బోటు, 1,500 మీటర్ల తేలే నైలాన్ వల, చేతులతో లాగే నలుగురైదుగురు మనుషులు. వంజరం, ట్యూనా జాతుల కోసం సాయంత్రం వేసి తెల్లవారకముందే తీసే వేట. కొలతలు లెక్క వేసుకోవడానికి తీసుకున్న నమూనా కొలతలు, ఏ ఒక్క బోటువీ కావు. ఎవరి వల తూకం వారు వేసుకుని ఇదే లెక్కలో పెట్టుకోవాలి.

విశాఖలో చిక్కు ఎక్కడ

మన దగ్గర ఖండతీరపు తిన్నె, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి సాగే తక్కువ లోతు మేర, సన్నగా ఉంటుంది, లోతు నీళ్లు ఒడ్డుకు దగ్గర. కాబట్టి ఒడ్డు వెంట తిరిగే జాతులు, లోతు సముద్రపు జాతులు రెండూ ఒకే బోటు తిరిగే దూరంలో ఉంటాయి. గుర్తుపట్టడం కష్టం కాదు. సన్నటి పొడవైన ముట్టె, పక్కల మూడు రంగుల పట్టీలు ఉండి గాల్లో గింగిరాలు తిరిగేది స్పిన్నర్. ముట్టె పొట్టిగా, ఒళ్లు దిట్టంగా ఉండేది బాటిల్‌నోస్. వీపు రెక్క కింద మూపురంలా ఎత్తు ఉంటే హంప్‌బ్యాక్. వీపు రెక్కే లేక, గుండ్రటి తలతో, పైకి వచ్చినా చప్పుడు లేకుండా మునిగిపోయేది ఫిన్‌లెస్ పోర్పస్. ఎక్కువమంది దీన్ని డాల్ఫిన్ పిల్ల అనుకుంటారు. జాతులకున్న ముప్పును మెట్లుగా లెక్కగట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో ఇది ముప్పులో ఉన్న (వల్నరబుల్) జాతి. మనకు ఉత్తరాన చిలికలో ఉండే ఇరావతి డాల్ఫిన్ అంతకంటే పై మెట్టులో, అంతరించిపోయే ప్రమాదంలో ఉంది.

ధ్వనితో దారి వెతుక్కునే జంతువు వల ఎందుకు చూసుకోదు? సన్నటి నైలాన్ నూలు నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని చాలా బలహీనం. పైగా డాల్ఫిన్ అన్నివేళలా శబ్దం వదులుతూ తిరగదు. చేపల వెంట పడ్డప్పుడు దాని ధ్యాసంతా చేప మీదే. వలకూ దానికీ కావాల్సింది ఒకే గుంపు కాబట్టి రెండూ ఒకే చోటికి, ఒకే వేళకు వస్తాయి. చీకట్లో, నీటి పైపొరలో.

దేశం మొత్తం మీద గిల్‌నెట్లలో ఏడాదికి 9,000 నుంచి 10,000 డాల్ఫిన్లు, పోర్పస్‌లు చనిపోతున్నాయని 2009లో వెలువడిన ఒక పరిశోధన అంచనా కట్టింది. అందులో గమనించిన మూడు రేవుల్లో కాకినాడ ఒకటి. 1950 నుంచి 2018 వరకు హిందూ మహాసముద్రపు ట్యూనా గిల్‌నెట్లలో డాల్ఫిన్ల వంటి చిన్న జాతుల జంతువులు మొత్తం 41 లక్షలు చిక్కి ఉంటాయని 2020 నాటి మరో అంచనా. ఆడ డాల్ఫిన్ ఒక కాన్పుకు ఒక్క పిల్లనే, అదీ సాధారణంగా రెండు మూడేళ్లకోసారి కంటుంది. చేపలకు పట్టే లెక్క వీటికి పట్టదు. ఒక గుంపు నుంచి ఏటా నాలుగు పోయినా ఆ గుంపు తేరుకోలేకపోవచ్చు.

వలను కిందికి దించడం

మన తేలే వలలో పైతాడు, అంటే వల పై అంచున ఉండే తాడు, నీటి మట్టానికే ఉంటుంది. డాల్ఫిన్ ఊపిరి కోసం వచ్చే పొర, తిరిగి దిగే పొర అదే. పైతాడును రెండు మీటర్లు దించితే వలకూ నీటి మట్టానికీ మధ్య ఒక దారి తెరుచుకుంటుంది. పాకిస్తాన్ ట్యూనా బోట్లలో ఇలా చేసి చూస్తే డాల్ఫిన్లు చిక్కడం మూడొంతులకు పైగా తగ్గింది. ట్యూనా పట్టు కూడా కొంత తగ్గింది, అది దాచాల్సిన పని లేదు. హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ ఎల్లోఫిన్ ట్యూనా మీద 2019లో చేసిన తీర్మానంలోనూ ఈ రెండు మీటర్ల మాట ఉంది.

వినడానికి ఇది తాడు కట్టే పనిలా ఉంటుంది. నిజానికి ఇది బెండ్లు, అంటే పైతాడును తేల్చే చిన్న తేలుళ్లు, తీసే పని. చాలామంది పొరపడేది ఇక్కడే. ఉన్న బెండ్లన్నీ అలాగే ఉంచి, పైతాడుకు రెండేసి మీటర్ల తాళ్లతో బోయాలు (నీటి మీద ఉండే పెద్ద తేలుళ్లు) కడతారు. వల పైనే తేలుతుంది, కట్టిన తాళ్లు వదులుగా పక్కన వేలాడతాయి, చుట్టుకుపోతాయి. దించామనుకుంటారు కానీ వల ఒక్క జానెడు కూడా దిగి ఉండదు.

లెక్క ఇలా వేయాలి. 1,500 మీటర్ల వలలో నైలాన్ 150 కిలోలు, సీసం గుండ్లు 40 కిలోలు, పాలీప్రొపిలిన్ తాళ్లు 60 కిలోలు అనుకుందాం. సముద్రపు నీటిలో నైలాన్ తన తూకంలో పదో వంతే కిందికి లాగుతుంది, అంటే 15 కిలోలు. సీసం దాదాపు 91 శాతం, అంటే 36 కిలోల పైచిలుకు. పాలీప్రొపిలిన్ నీటికంటే తేలిక కాబట్టి కిందికి లాగకపోగా ఏడున్నర కిలోల మేర పైకి లేపుతుంది. మొత్తం మీద వల కిందికి లాగే బలం 44 కిలోలు. ఒక్కోటి 100 గ్రాములు లేపే బెండ్లు 800 ఉంటే పైకి లేపే బలం 80 కిలోలు. అందుకే అది నీటి మీద తేలుతోంది.

ఇందులోంచి 500 బెండ్లు తీసేసి 300 ఉంచాలి. అప్పుడు పైకి 30, కిందికి 44. మిగిలిన 14 కిలోలను నీటి మీది బోయాలు మోయాలి. 50 మీటర్లకొకటి చొప్పున చివరలతో కలిపి 31 బోయాలు. ఒక్కోదాని మీద పడేది అర కిలో లోపే. అయినా ఒక్కోటి కనీసం రెండు కిలోలు లేపేది ఉండాలి. ఒక చోట పెద్ద చేపలు గుంపుగా పడి గుంజినా, అలల్లో ఒక బోయా తెగినా పక్కవి మునగకూడదు. బోయాలు వరసగా మునగడం మొదలైతే వలంతా అడుక్కు పోతుంది. పోయిన వల అక్కడితో ఆగదు, నెలల తరబడి చేపల్నీ తాబేళ్లనూ పట్టి చంపుతూనే ఉంటుంది. కాబట్టి ఈ రెండు కిలోల దగ్గర బేరం పెట్టకూడదు.

మిగిల్చిన 300 బెండ్లను ఐదేసి మీటర్లకొకటి సమంగా కట్టాలి. పాత ముడుల చోటే కొన్ని వదిలి కొన్ని తీస్తే ఒకచోట వల పైకి ఉబ్బి, ఇంకోచోట జారుతుంది.

బోయాను పైతాడుకు కలిపే వేలాడు తాడు పూర్తయ్యాక సరిగ్గా రెండు మీటర్లుండాలి. రెండు వైపులా ముడులకు పోయేది కలుపుకుని 2.6 మీటర్లు కోయాలి. బారలతో కొలవకండి. బార మనిషిని బట్టి మారుతుంది, పొట్టి చేతులవాడు కొలిచిన తాడు మీటరున్నరకే ఆగిపోతుంది. నేల మీద రెండు మేకులు రెండు మీటర్ల దూరంలో కొట్టి, ముడి వేశాక ప్రతి తాడునూ వాటి మధ్య లాగి చూస్తే చాలు. తాడు నైలాన్‌దై ఉండాలి. పాలీప్రొపిలిన్ తేలుతుంది కాబట్టి వంగి, మెలిపడి పైతాడుకు చుట్టుకుంటుంది. చుట్టుకున్న ప్రతి చుట్టుకూ వల పైకి వస్తుంది. తాడు మీద గట్టి ప్లాస్టిక్ గొట్టం ఒక మీటరున్నర తొడిగితే ఈ చుట్టుడు చాలా తగ్గుతుంది. వల వేసేటప్పుడు బోయాలను వేరే బుట్టలో వరసగా పేర్చి ఒకరే అందించాలి. ఈ పని ఇద్దరి చేతుల్లో పడితే తాళ్లు వల కళ్లలో దూరతాయి.

నిజంగా దిగిందా లేదా

బోయాల మధ్య పైతాడు ఊయలలా కిందికి జారుతుంది. బోయా దగ్గర రెండు మీటర్లుంటే మధ్యలో మూడో నాలుగో ఉండొచ్చు. డాల్ఫిన్‌కు అది మంచిదే, చేపల పట్టుకు మంచిది కాకపోవచ్చు. కొలవకుండా తెలియదు. లోతు కొలిచే పరికరం ఉంటే సరే. లేకపోతే పాతకాలం ఓడల్లో వాడిన పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది. 60 సెంటీమీటర్ల పారదర్శక ప్లాస్టిక్ గొట్టం తీసుకుని ఒక చివర గాలి చొరబడకుండా మూయాలి. లోపల పొడవునా నీళ్లకు కరిగిపోయే సిరాతో ఒక గీత గీయాలి. తెరిచిన మూతి కిందికి ఉండేలా, మూతి దగ్గర చిన్న గుండు కట్టి, రెండు బోయాల నడుమ పైతాడుకు నిలువుగా వేలాడదీయాలి. లోతు పెరిగేకొద్దీ లోపలి గాలి నొక్కుకుపోయి నీళ్లు పైకి ఎక్కుతాయి, ఎక్కినంత మేర సిరా కరుగుతుంది. మీటరు లోతుకు ఐదున్నర సెంటీమీటర్లు, రెండు మీటర్లకు పది, నాలుగు మీటర్లకు పదిహేడు, పది మీటర్లకు ముప్పై. గొట్టం మూతి ఎక్కడుందో ఆ లోతే అది చెబుతుంది కాబట్టి పైతాడు నుంచి మూతి దాకా ఉన్న దూరం తీసేయాలి.

ఎండలో వేడెక్కిన గొట్టాన్ని అలాగే దించకూడదు. నీటిలో గాలి చల్లబడి కుంచించుకుపోతే దాదాపు ఒక సెంటీమీటరు ఎక్కువ చూపిస్తుంది. మూతిని పైకెత్తి పట్టుకుని గొట్టం ఒంటిని సముద్రపు నీటిలో కాసేపు ఆనించి, ఆ తర్వాత తిప్పి కట్టాలి. మధ్యలో లోతు నాలుగు మీటర్లు దాటితే బోయాల దూరం 50 నుంచి 25 మీటర్లకు తగ్గించండి. అక్కడ బెండ్లు పెంచితే మళ్లీ మొదటికొస్తారు.

పట్టు ఎంత తగ్గిందో చూడాలంటే ఒకే వల పొడవులో సగాన్ని నీటి మట్టానికే ఉంచి, సగాన్ని రెండు మీటర్లు దించి అదే రాత్రి పోల్చవచ్చు. దించిన సగం ఎప్పుడూ ఒడ్డు వైపే ఉండకుండా వేటకోసారి తిప్పాలి. ఈ పోలిక చేయకుండా కళాసీలను (బోటులో వాటాకు పనిచేసేవాళ్లను) ఒప్పించలేం, ఒప్పించనూ కూడదు. డీజిల్, ఐసు ఖర్చు పోను మిగిలేదే వాళ్ల వాటా. పట్టు తగ్గితే ఆ నష్టం ముందు వాళ్ల మీదే పడుతుంది. కొత్త బోయాల ఖర్చు, మొదటి నెలల్లో తగ్గిన పట్టు ఎవరు భరిస్తారన్నది మొదలుపెట్టకముందే తేలాలి.

పింగర్ల గురించి

పింగర్ అంటే పైతాడుకు కట్టే చిన్న శబ్ద పరికరం. అమెరికా నిబంధనల్లోని ప్రమాణం 10 కిలోహెర్ట్జ్, 132 డెసిబెల్స్, 300 మిల్లీసెకన్ల శబ్దం నాలుగు సెకన్లకోసారి, 300 అడుగులకొకటి. 300 అడుగులంటే 91 మీటర్లు, ఆ లెక్కన మన నమూనా వలకు చివరలతో కలిపి 18 కావాలి. పోర్పస్‌లు శబ్దానికి బెదిరి దూరంగా పోతాయి, వాటి మీద ఇవి బాగా పనిచేస్తాయని పలు దేశాల్లో తేలింది. బాటిల్‌నోస్ మీద, హంప్‌బ్యాక్ మీద నమ్మకం పెట్టుకోలేం. బాటిల్‌నోస్ తెలివైనది, శబ్దం ఉన్నచోట వల ఉంటుంది, వల ఉన్నచోట చేప ఉంటుందని నేర్చుకోగలదు. అందుకే అన్ని బోట్లకూ పింగర్లు పంచిపెట్టే పథకం కంటే, ఫిన్‌లెస్ పోర్పస్‌లు తిరిగే ఒడ్డు దగ్గరి వలలకు పింగర్లు, బయటి తేలే వలలకు రెండు మీటర్ల దింపుడు అన్న విభజన విశాఖకు సరిపోతుందని మా అభిప్రాయం.

కట్టేటప్పుడు పైతాడుకు సమాంతరంగా రెండు చివరలా బిగించాలి. ఒక్క చివర కట్టి వేలాడదీస్తే వల కళ్లలో చిక్కుతుంది. దాని బరువుకు సరిపడా పక్కనే ఒక బెండు చేర్చాలి. ప్రతి వేటకు ముందు కొన తడిపి చెవి దగ్గర పెట్టుకుని వినాలి. 10 కిలోహెర్ట్జ్ రకం మనకు వినిపిస్తుంది, అంతకంటే బాగా హెచ్చు పౌనఃపున్యం రకం వినిపించదు, దానికి పరీక్ష పరికరం కావాలి. బ్యాటరీ అయిపోయిన పింగర్ లేనట్టే అనుకుంటే చాలదు. అమెరికా ఈశాన్య తీరంలో కొన్ని పింగర్లు లోపించిన వలల్లో, అసలు పింగర్లే లేని వలలకంటే ఎక్కువ పోర్పస్‌లు చిక్కిన అనుభవం ఉంది. చప్పుడు ఉన్న రెండు చోట్ల మధ్య నిశ్శబ్దంగా ఉన్న ఖాళీ జంతువుకు దారిలా అనిపించడం ఇందుకు ఒక కారణం కావచ్చు. పద్దెనిమిదిలో కొన్ని పనిచేయనప్పుడు మిగిలినవాటిని పక్కపక్కనే కట్టి వల పొడవు తగ్గించి వేయడం మేలు. పింగర్ ఫలితాన్ని ఒకే వలలో సగం సగం పెట్టి పోల్చకూడదు, శబ్దం రెండో సగానికీ పాకుతుంది. వేటకు వేట మార్చి చూడాలి.

పెరూలోని చిన్న బోట్లలో పైతాడుకు పది మీటర్లకొక పచ్చ ఎల్ఈడీ దీపం కట్టి చూస్తే చిన్న డాల్ఫిన్ జాతులు చిక్కడం 70 శాతం వరకు, తాబేళ్లు కూడా దాదాపు అంతే తగ్గాయి. మన వలకు అలాంటివి 150 కావాలి. బ్యాటరీల ఖర్చు, వాటిని సముద్రంలో పారేయకుండా వెనక్కి తెచ్చే ఏర్పాటు లేనిదే దీన్ని మొదలుపెట్టకూడదు.

బతికి ఉన్నది దొరికితే

ఒడ్డుకు లాగే అలివి వలలో, చేపల గుంపును చుట్టుముట్టే రింగు వలలో పడినవి బతికి ఉండే అవకాశం ఎక్కువ. గిల్‌నెట్‌లో వల తీసే సమయానికి కాస్త ముందు చిక్కినదైతే బతికుంటుంది. ముందు ఇంజను ఆపాలి, ప్రొపెల్లర్ తిరగకూడదు. తల మీది ఊపిరి రంధ్రం నీటిపైన ఉండేలా ఇద్దరు వలతోపాటే పైకి పట్టుకోవాలి. ఆ రంధ్రంలో నీళ్లు పోయకూడదు, తడిగుడ్డ కప్పినా దాన్ని మూయకూడదు. తోకకు తాడు కట్టి లాగితే వెన్నెముక దెబ్బతింటుంది, కొక్కెంతో పట్టుకుంటే గాయం కుళ్లుతుంది, రెక్క పట్టి ఎత్తితే కీలు ఊడుతుంది. ఈ మూడూ తరచూ జరిగేవే, మంచి మనసుతోనే జరిగేవి. కోసేటప్పుడు కొన మొద్దుగా ఉన్న కత్తెర వాడి, తోక మొదలు దగ్గరి నూలు పూర్తిగా తీయాలి. ఒక్క పోగు మిగిలినా అది రోజురోజుకూ మాంసంలోకి దిగుతుంది. తల వల వైపు కాకుండా దానికి దూరంగా తిప్పి వదలాలి.

పెద్ద తిమింగలానికి తాడు చుట్టుకుంటే ఎవరూ నీటిలోకి దిగకూడదు. వెనక ఈడ్చుకుపోతున్న తాడునూ బోయానూ మాత్రమే కోసేస్తే చుట్టుకున్నది అలాగే ఉండిపోతుంది, తిరిగి పట్టుకోవడానికి ఆధారమూ పోతుంది. స్థానం గుర్తించి, దూరం నుంచి ఫొటో తీసి కోస్ట్‌గార్డుకు, అటవీశాఖకు చెప్పి అక్కడే ఉండటమే సరైన పని.

భయం వల్ల పోయే లెక్క

డాల్ఫిన్లు, తిమింగలాలు, పోర్పస్‌లు అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. వేటాడినా అమ్మినా మూడు నుంచి ఏడేళ్ల జైలు, 2022 సవరణ తర్వాత కనీసం 25,000 రూపాయల జరిమానా. సొరలకు ఎరగా డాల్ఫిన్ మాంసం వాడటమూ నేరమే. ఈ భయంతో చనిపోయినదాన్ని చెప్పకుండా సముద్రంలోనే వదిలేస్తారు. దాంతో ఎక్కడ, ఏ వలలో, ఏ లోతులో చిక్కిందన్న సమాచారం మునిగిపోతుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరం ఆ లోటు తీర్చదు. మన తీరంలో ప్రవాహం ఫిబ్రవరి నుంచి నెలల తరబడి ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి నడుస్తుంది. భీమిలిలో దొరికింది భీమిలి దగ్గర చనిపోయి ఉండాలనేమీ లేదు. అదే చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం అలాంటి కళేబరం చేతికి వచ్చినవారు 48 గంటల్లో పోలీసులకో సంబంధిత అధికారికో తెలపాలి. ఆ మార్గం ఉందన్న సంగతే చాలా పేటల్లో తెలియదు. చెప్పినవాడిని ముద్దాయిలా చూడకుండా ఉండటం అధికారుల వంతు.

ఇది జంతువుల విషయమే కాదు. అమెరికా మెరైన్ మామల్ ప్రొటెక్షన్ యాక్ట్ కింద, తమతో సమానమైన రక్షణ చర్యలు లేవని తేలిన వేటల చేపలను 2026 జనవరి 1 నుంచి ఆ దేశం కొనదు. సముద్రంలో పట్టే రొయ్యల విషయంలో, వలల్లో తాబేళ్లు చిక్కే కారణంగా మనకు అక్కడ ఇదివరకే తలుపు మూసుకుంది.

బోటులో ఒక పుస్తకం చాలు. వేసిన వేళ, తీసిన వేళ, జీపీఎస్ స్థానం, నీటి లోతు, వల పొడవు, కన్ను కొలత, ఎన్ని పింగర్లు పనిచేశాయి, ఏ జాతి, బతికిందా లేదా. అన్నిటికంటే ముఖ్యం, వల ఎత్తును మూడు భాగాలు చేస్తే ఏ భాగంలో చిక్కింది. దింపిన వలలో కూడా పై భాగంలోనే చిక్కుతుంటే రెండు మీటర్లు చాలలేదని అర్థం. కింది భాగంలో అయితే అది వేరే సమస్య, దింపుడు దాన్ని తీర్చదు. ఏమీ చిక్కని రాత్రిని కూడా రాయాలి. ఆ సున్నాలు లేకపోతే ఈ పుస్తకం ఎందుకూ పనికిరాదు.

సున్నాలను చూసి తొందరపడకూడదు. ముప్పై వేటల్లో ఒక్కటీ చిక్కలేదంటే అసలు రేటు వందకు పది దాకా ఉండి కూడా మన అదృష్టం కొద్దీ కనిపించకపోయి ఉండొచ్చు. వంద వేటల్లో సున్నా వస్తే ఆ పరిమితి వందకు మూడుకు దిగుతుంది. వేటల సంఖ్యతో మూడును భాగించడమే సూత్రం. నెలకు పదిహేను వేటలు వెళ్లే బోటుకు వంద పూర్తవడానికి ఏడు నెలలు పడుతుంది. అందుకే ఒక బోటుతో కాకుండా ఒకే పేటలో ఐదారు బోట్లతో మొదలుపెట్టాలి.

బెండ్లు తీసి కట్టడానికి సరైన కాలం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధ కాలం. వలలు ఎలాగూ ఇసుకలో పరిచి బాగుచేస్తారు, మేకులు కొట్టడానికి నేలా ఉంటుంది. కొత్త నైలాన్ తాడు మొదటి కొన్ని వేటల్లో సాగుతుంది, ముడులు బిగుసుకుంటాయి. జూన్ నెలాఖరులో ముప్పై ఒక్క తాళ్లనూ మళ్లీ ఆ రెండు మేకుల మధ్య పెట్టి కొలవాలి.